నౌపడాలో బండి మారిన అక్షరాలు

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

వెనక గోడకు ఆనుకుని నిలబడిన పిల్లలు ముందుకు వచ్చి చాపల మీద కూర్చోండి. ఈ రోజు నేను చెప్పబోయేది ఎక్కువగా మీ కోసమే.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారిని తలుచుకోని తెలుగు సభ ఎక్కడా ఉండదు. పర్లాకిమిడిలో తలుచుకోవడం వేరు. ఆయన పాఠాలు చెప్పిన ఊరు ఇది. వాడుక భాష కోసం ఆంధ్రదేశమంతా తిరిగి వాదించడానికి చాలా ముందే, కొండ దిగి ఈ ఊరికి వచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఆ పనిని వదలకుండా పట్టుకున్నారన్నమాట. మాట వినడం, రాసుకోవడం, మళ్ళీ అడగడం, తప్పు రాసుకున్నానని తెలిస్తే కొట్టివేసి మళ్ళీ రాసుకోవడం. ఇవాళ నేను మాట్లాడబోయే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిలో ముప్పాతిక మువ్వీసం ఇదే. కొత్తగా ఒకటి తయారుచేయడం అందులో చిన్న భాగం. తయారైనదాన్ని ఏళ్ళ తరబడి చెడిపోకుండా కాచుకోవడమే అసలు పని.

మీలో పెద్దవాళ్ళకు మన చిన్న బండి గుర్తుండే ఉంటుంది. 1900లో ఇక్కడి రాజావారు నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన లైను అది. 1931 నాటికి గుణుపురం చేరింది. రెండున్నర అడుగుల పట్టాలు. విశాఖపట్నం వెళ్ళాలన్నా బరంపురం వెళ్ళాలన్నా నౌపడాలో దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పెద్ద లైను ప్లాట్‌ఫారానికి నడిచేవాళ్ళం. సామానైతే ఈ పెట్టెలోంచి దింపి ఆ పెట్టెలోకి ఎక్కించాల్సిందే. దారి ఒక్కటే, ప్రయాణికుడు ఒక్కడే, పట్టాల కొలత మాత్రం వేరు. 2004లో చిన్న బండి ఆగింది. కొన్నేళ్ళకు పెద్ద పట్టాల మీద బండి వచ్చాక ఆ అవస్థ తీరింది.

కంప్యూటర్లో తెలుగు కూడా చాలాకాలం నౌపడాలో బండి మారుతూనే బతికింది. డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకూర్పు చేసే రోజుల్లో ఒక్కో సంస్థది ఒక్కో ఫాంటు, ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన గడిలో ‘క’ బొమ్మ పెట్టేవారు. పైకి చూస్తే తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది చక్కని తెలుగు. లేని కంప్యూటర్లో చుక్కలు, కొక్కేలు, డాలరు గుర్తులు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే లెక్క పెట్టే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే సొంత గడులు కేటాయించారు. ఆ గడుల్లోకి మన రాతలన్నీ చేరడానికి మాత్రం ఎంతో కాలం పట్టింది. ఇంకా చేరనివీ ఉన్నాయి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఈ ఊళ్ళోనే ఒక చిన్న గ్రంథాలయం ఉంది. మూడు వేల పైచిలుకు తెలుగు పుస్తకాలు. వాటి జాబితాను ఎవరో పుణ్యాత్ములు చాలా ఏళ్ళ క్రితమే కంప్యూటర్లో ఎక్కించారు. ఒక వేసవిలో ఆ కంప్యూటర్ పాడయింది. కొత్తది కొన్నారు, జాబితా ఫైలు అందులో పెట్టారు, తెరిచారు. ఒక్క పుస్తకం పేరు కూడా చదవడానికి రాలేదు. ఫాంటు అమ్మిన సంస్థ ఎప్పుడో మూతపడింది. దానికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టిన కుర్రవాడు ఉద్యోగం మీద ఊరు వదిలి వెళ్ళిపోయాడు. పాత కార్డుల పెట్టె స్థలం ఆక్రమిస్తోందని కార్డులను అంతకు ముందే తూకానికి వేసేశారు. పుస్తకాలన్నీ బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. ఏది ఎక్కడుందో చెప్పే మాట ఒక్కటీ మిగలలేదు. గ్రంథాలయం చూసుకునే మాస్టారు ఆ తెర ముందు మాట్లాడకుండా కూర్చున్న సాయంత్రం నేను మరిచిపోలేదు.

అప్పుడు మాకు దారి చూపించింది ‘పద్మ’. పాత ఫాంట్లలో ఉన్న తెలుగు పత్రికలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ కోసం చేసిన చిన్న ఉపకరణం అది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే. మా ఫాంటు ఆ ఉపకరణానికి తెలియదు. కానీ అది ఎలా పనిచేస్తుందో తెరిచి చూడవచ్చు. చూశాం. ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి కావాలి, అంతే. ఆ పట్టిక రాయడానికి కూర్చున్నాక తెలిసింది, మా ఫాంటులో ‘మ’కు సొంత గడే లేదని. ‘వ’ పక్కన కొమ్ము పెట్టి ‘మ’ అనిపించారు. చూసే కంటికి తేడా లేదు. యంత్రానికి మాత్రం ‘మనసు’ కాస్తా ‘వునసు’ అయింది. ఏది నిజమైన ‘వు’, ఏది వేషం వేసుకున్న ‘మ’ అన్నది నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకోవాల్సి వచ్చింది. నలుగురం కలిసి పనిచేస్తే రెండు వేసవి సెలవులు పట్టాయి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో నాకు పుస్తకాల కన్నా ముందు ఆ రెండు వేసవులు నేర్పాయి. పుస్తకాల మాట కూడా చెప్పుకుందాం. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు, కంప్యూటర్‌ను పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడపాలని. నాలుగు స్వేచ్ఛలు ఉండాలన్నారు. ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, లోపల ఎలా ఉందో చూసి మార్చుకునే స్వేచ్ఛ, నకలు తీసి పక్కవాడికి ఇచ్చే స్వేచ్ఛ, మనం మార్చినదాన్ని కూడా పంచే స్వేచ్ఛ. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కాబట్టి వాళ్ళు ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలి. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. డబ్బు తీసుకున్నా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావచ్చు. డబ్బు తీసుకోకుండా ఇచ్చి, తలుపుకు తాళం వేసి ఉంచితే అది కాదు. మా గ్రంథాలయంలో తాళం వేసి ఉన్నది ఫాంటు. తలుపు తెరిచి ఉన్నది పద్మ.

జాబితా బయటపడింది, సరే. దాన్ని ఎందులో పెట్టాలి? మళ్ళీ ఎవరో ఒక్కరు రాసిచ్చినదాన్ని నమ్ముకుంటే పదేళ్ళకు ఇదే కథ. అలా వెతుకుతూ ‘కోహా’ దగ్గరికి చేరాం. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను. ఎందుకంటే ఇది మనలాంటి వాళ్ళ కథ.

న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అని ఒక గ్రామీణ ప్రాంతం ఉంది. అక్కడి గ్రంథాలయాల ట్రస్టు వాడే పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయదని తేలింది. కొత్తది కొనాలంటే తలకు మించిన ఖర్చు. అప్పుడు వాళ్ళు ఆ దేశంలోనే ఉన్న ఒక చిన్న సంస్థ చేత సొంతంగా ఒకటి రాయించుకున్నారు. 2000 జనవరి మొదటి వారంలో అది పని మొదలుపెట్టింది. అక్కడితో ఆగి ఉంటే అది ఒక ఊరి కథ అయ్యేది. దాన్ని అందరికీ స్వేచ్ఛగా ఇచ్చేశారు, జీపీఎల్ అనే లైసెన్సు కింద. కోహా అనేది మావోరీ భాషలో మాట. కానుక అని అర్థం. ఊరికే ఇచ్చి మరిచిపోయే కానుక మాత్రం కాదు, తీసుకున్నవాడు తనకు వీలైనప్పుడు తిరిగి ఇవ్వవలసింది. మన పెళ్ళిళ్ళలో చదివింపులు ఉంటాయి చూడండి, పుస్తకంలో పేరు రాసి, వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు మనం తిరిగి చదివిస్తాం. అదీ కోహా. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో దేశాల గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి. ఏటా మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొత్త విడుదల వస్తుంది. ప్రతి విడుదలకూ బాధ్యత వహించే మనిషిని సముదాయం వాళ్ళే ఓటు వేసి ఎన్నుకుంటారు.

ఆ సముదాయానికి ఒక పెద్ద పరీక్ష వచ్చింది. కోహాకు సహాయ సేవలు అందించే ఒక అమెరికన్ సంస్థ చేతిలో ఆ సాఫ్ట్‌వేర్ వెబ్ చిరునామా ఉండేది. సంస్థ చేతులు మారింది, సముదాయంతో పొసగలేదు. 2010 నాటికి మిగతావాళ్ళంతా ఆ చిరునామాను వదిలి కొత్త ఇల్లు కట్టుకోవాల్సి వచ్చింది. 2011లో ఇంకో దెబ్బ. కోహా అనే పేరును, అది పుట్టిన న్యూజిలాండ్‌లోనే, ఆ సంస్థ ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోయింది. గ్రామీణ గ్రంథాలయ ట్రస్టు న్యాయపోరాటానికి విరాళాలు అడిగింది. ప్రపంచం నలుమూలల నుంచి డబ్బు వచ్చింది. చివరికి పేరు నిలబడింది.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి గమనించండి. సాఫ్ట్‌వేర్ కోడుకు, అంటే దాని లోపలి రాతకు, తాళం లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. అయినా గొడవ వచ్చింది. కోడు చుట్టూ పేరు ఉంటుంది, చిరునామా ఉంటుంది, ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్న ఉంటుంది. వాటికి మొదటి రోజే ఒక పద్ధతి పెట్టుకోవాలి. నలుగురు స్నేహితులు కలిసి ఏదైనా మొదలుపెడితే, పాస్‌వర్డు ఒక్కడి దగ్గరే ఉంచకండి. స్నేహం మీద అనుమానంతో చెప్పడం లేదు. రేపు ఆ ఒక్కడికి జ్వరం రావచ్చు, పెళ్ళి కావచ్చు, ఫోను పోవచ్చు.

కోహాను మేము పెట్టుకున్నాం. పెట్టుకున్న మర్నాడే చిక్కు వచ్చింది. పుస్తకాల పేర్లు తెరమీద తెలుగులో చక్కగా కనిపిస్తున్నాయి, వెతికితే మాత్రం సరిగా దొరకడం లేదు. లాటిన్ లిపి లెక్కలో అక్షరాలను పేర్చే పద్ధతి అందులో ముందుగా ఉంది. మనలాంటి లిపులకు ఐసీయూ అనే వేరే పద్ధతిని ఎంచుకోవాలి. ఆ మాట మాకు చెప్పింది అరబిక్ పుస్తకాల గ్రంథాలయంలో పనిచేసే ఒకాయన. మా ముఖం ఆయన చూడలేదు, ఆయన ముఖం మేము చూడలేదు. ఏ ఫైలులో ఏ వరుస మార్చాలో ఓపికగా రాసి పంపారు. మేము ఏం చేశామంటే, ఆ వివరమంతా తెలుగులో రాసి అందరికీ కనిపించేలా పెట్టాం. చదివింపుల పుస్తకంలో మా వంతు అది.

ఇక అనువాదం సంగతి. సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో చూపించడం అంటే ఇంగ్లీషు వాక్యాల పెద్ద జాబితా ఒకటి ఉంటుంది, ఒక్కోదాని కింద తెలుగు రాయాలి. చాలామంది అనుకుంటారు, రెండు భాషలు వస్తే చాలునని. చాలదు. జాబితాలో ‘లెఫ్ట్’ అని ఒక్క మాట ఉంటుంది, ముందూ వెనకా ఏమీ ఉండదు. మాలో ఒకరు ‘ఎడమ’ అని రాశారు. కొన్నాళ్ళకు ఒక పెద్దాయన ఫోటోలు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటూ అడిగారు, “ఇందులో మూడు నిమిషాలు ఎడమ అంటోంది, నేను దేన్ని ఎడమవైపు జరపాలి?” అని. అక్కడ ఉండవలసింది ‘మిగిలింది’. దిద్దడానికి క్షణం పడుతుంది. కానీ ఆయన అడగకపోతే అది అలాగే ఉండిపోయేది. అందుకే నేను వాడేవాళ్ళను కూడా సముదాయంలో లెక్కవేస్తాను. తప్పు కనిపెట్టి చెప్పిన మనిషి పని చేసినట్టే.

మాటల ఎంపికలోనూ మాకు తగవులు వచ్చాయి. ‘దస్త్రం’ అనాలా, ‘ఫైలు’ అనాలా? దస్త్రం అందమైన మాటే, పాత కచేరీల్లో నలిగిన మాటే. కానీ ఈ రోజు మన తాలూకా కార్యాలయానికి వెళ్ళిన రైతు “నా ఫైలు ఎక్కడుంది బాబూ” అనే అడుగుతాడు. నా ఓటు ఫైలుకే. గిడుగు వారు ఈ ఊళ్ళోనే నేర్పిన పాఠం అది. కాదనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వాదనలోనూ బలం ఉంది, ఆ చర్చ ఇంకా సాగుతోంది. సాగనివ్వండి. కాకపోతే ఒకే తెరమీద ఒకచోట దస్త్రం, ఇంకోచోట ఫైలు అని రాయకూడదు. అది మాత్రం నేను ఒప్పుకోను.

ఒకసారి అనువాదం పూర్తయితే పని అయిపోదు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్, అంటే కంప్యూటర్ తెరవగానే కనిపించే తెరను నడిపే సాఫ్ట్‌వేర్, ఏటా మార్చిలో, సెప్టెంబరులో కొత్త రూపంతో వస్తుంది. ప్రతిసారీ కొన్ని వాక్యాలు కొత్తవి చేరతాయి, కొన్ని మారతాయి. ఈ ఏడాది నిండుగా ఉన్న తెలుగు, ఎవరూ చూడకపోతే రెండేళ్ళలో చిల్లులు పడుతుంది. ఒక గుండీ తెలుగులో, పక్కది ఇంగ్లీషులో. చెరువు తవ్వించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది. ఏటా పూడిక తీసినవాళ్ళ పేరు ఏ రాతి మీదా ఉండదు. నీళ్ళు మాత్రం పూడిక తీసిన చెరువులోనే నిలుస్తాయి.

మీరు ఫోనులో ‘స్త్రీ’ అని రాస్తారు కదా. కంటికి ఒక్క అక్షరం. లోపల ఆరు సంకేతాలు ఉన్నాయి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరింటినీ చదివి, ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి ఎవరి నెత్తిన పెట్టాలో తేల్చే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. అందులో పేరున్నది హార్ఫ్‌బజ్. దాన్ని ఇన్నేళ్ళుగా నడిపించినవారిలో ముఖ్యుడు బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్, ఇరాన్‌లో పుట్టినవాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రేఆఫీస్‌లో మన ఒత్తులను సర్దుతున్నది అదే. అందులో తెలుగు తప్పుగా వస్తే మీరు చెప్పవచ్చు, అది ఎక్కడిదాకా వచ్చిందో చూడవచ్చు, చేతనైతే మీరే దిద్ది పంపవచ్చు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ల సంగతి చాలామందికి గుర్తుండవచ్చు. ‘జ్ఞా’ అనే మన అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఫోనులో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఆ సంస్థ కొద్ది రోజుల్లోనే సరిచేసింది, ఆ మాట చెప్పి తీరాలి. కానీ ఆ రోజుల్లో ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుతుంటే, ఆ అక్షరం తెలిసిన మనకు లోపలికి తొంగిచూసే వీలు లేకపోయింది. నాకు అది బాధ కలిగించింది.

తప్పు ఎలా చెప్పాలో కూడా నేర్చుకోవాలి. “తెలుగు సరిగా రావడం లేదు” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఫోను, ఏ యాప్, అందులో ఎన్నో విడుదల, ఏం టైపు చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది, ఇదిగో తెర బొమ్మ. ఇంతే. వైద్యుడి దగ్గరికి వెళ్ళి “బాగోలేదండీ” అని ఊరుకోం కదా, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏం తింటే ఎక్కువవుతోంది అని చెబుతాం.

ఇప్పుడు కాస్త బరువైన విషయం. 2024 మార్చి 29న ఒక సంగతి బయటపడి సాఫ్ట్‌వేర్ ప్రపంచం ఉలిక్కిపడింది. ఎక్స్‌జడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. లినక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడిచే యంత్రాల్లో అది ఉండని చోటు అరుదు. దాన్ని ఎన్నో ఏళ్ళుగా ఫిన్లాండ్‌లో ఒకే ఒక మనిషి జీతం లేకుండా చూసుకుంటున్నాడు. ఆయనకు ఆరోగ్యం సహకరించడం మానేసింది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, 2022లోనే బహిరంగంగా రాశాడు. అప్పటికే కొందరు కొత్త పేర్లతో వచ్చి సతాయించడం మొదలుపెట్టారు. ఇంత ఆలస్యమా, నీవల్ల కాకపోతే ఇంకొకరికి అప్పగించు అని. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఇంకొకరు వచ్చి ఎంతో వినయంగా సాయం చేశారు. రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, విడుదలలు చేసే అధికారం సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి ఒకటి పెట్టారు. లక్షల యంత్రాల్లోకి గుట్టుగా చొరబడే దారి అది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఈనాటికీ లోకానికి తెలియదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసేవాడు. దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యేటప్పుడు మామూలు కన్నా దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని ఊరుకోలేదు. తవ్వుకుంటూ వెళ్ళాడు. కోడు తెరిచి ఉంది కాబట్టి తవ్వగలిగాడు.

ఈ కథ చెప్పి చాలామంది ఆ ఇంజనీరును మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. కానీ నా మనసు ఆ ఫిన్లాండ్ మనిషి దగ్గరే ఆగిపోతుంది. ఆయన అలసిపోయానని చెప్పినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్ మీద కోట్లు గడించే సంస్థల్లో ఎవరైనా “నీకు ఏం కావాలి, ఒక మనిషిని పంపమంటావా” అని అడిగి ఉంటే? అడగలేదు. ఆ ఖాళీలోకే దొంగ వచ్చాడు. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏదైనా, దాన్ని చూసుకునే మనిషికి ఏడాదికి ఒకసారైనా కృతజ్ఞత చెబుతూ రెండు ముక్కలు రాయండి. ఆలస్యమైందని కసురుకోకండి. ఆయన మన జీతగాడు కాదు.

డెబియన్ వాళ్ళ పద్ధతి ఒకటి నాకు ఎంతో నచ్చుతుంది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్స్ పంపిణీ అది, అంటే లినక్స్‌నూ దానితో వాడే సాఫ్ట్‌వేర్లనూ కలిపి అందించేది. అందులో ఒక్కో ప్యాకేజీకి, అంటే ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటకు, ఒక సంరక్షకుడు ఉంటాడు. ఇక చూసుకోలేనని అనిపిస్తే, సిగ్గుపడకుండా, అందరికీ తెలిసేలా ఆ ప్యాకేజీని ‘అనాథ’గా ప్రకటిస్తాడు. ఆ జాబితా ఎవరైనా చూడవచ్చు. ఎవరో ఒకరు ముందుకు వచ్చి ‘దత్తత’ తీసుకుంటారు. ఈ మాటలు నేను కల్పించినవి కావు, వాళ్ళు వాడే మాటలకు తెలుగు ఇవే. పని వదిలేయడంలో తప్పు లేదని, చెప్పకుండా వదిలేయడంలోనే ఇబ్బంది ఉందని ఆ పద్ధతి ఒప్పుకుంటోంది. ఇవాళ నాకు వీలుకాదు, ఇది ఎవరైనా అందుకోండి అని చెప్పే అలవాటు మన సంఘాల్లో, మన గ్రంథాలయాల్లో కూడా ఉంటే ఎన్ని మంచి పనులు బతికి ఉండేవో.

మన సరిహద్దు సంగతి కూడా చెప్పాలి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇవతల మనం, ఒడిశా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈ చాపల మీద కూర్చున్న పిల్లల్లో తెలుగు గలగలా మాట్లాడి, చదవలేనివాళ్ళు ఎందరో ఉన్నారు, అది వాళ్ళ తప్పు కాదు. అవతలి ప్రభుత్వానికి మనం వేరే రాష్ట్రం. ఇక్కడి ప్రభుత్వానికి మన భాష రాష్ట్ర భాష కాదు. ఏ సంస్థా మన సంఖ్య చూసి మన కోసం ప్రత్యేకంగా ఒక యాప్ చేయదు. ఒడియా లిపిలో టైపు చేస్తే తెలుగు లిపిలో కనిపించే చిన్న కీబోర్డు మన పిల్లలకు ఎంత పనికి వస్తుందో నాకు తెలుసు. అది మనకు తప్ప ఇంకెవరికీ తట్టని అవసరం. తాళం లేని సాఫ్ట్‌వేర్ మీద అయితే మనమే చేసుకోగలం. అందుకే ఇంత పట్టుపట్టి చెబుతున్నాను.

దారి చూపినవాళ్ళు పొరుగునే ఉన్నారు. మలయాళం వాళ్ళు 2002 నుంచి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే సముదాయాన్ని నడుపుతున్నారు. మీర, రచన, మంజరి లాంటి ఫాంట్లను ఈనాటికీ వాళ్ళే దిద్దుకుంటూ ఉన్నారు. తెలుగులోనూ స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి పనిచేస్తోంది. సిలికానాంధ్ర వాళ్ళు స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు ‘గిడుగు’. ఈ సభ బ్యానరు మీద పెద్ద అక్షరాలు చూశారా, అవి ఆ ఫాంటులో కూర్చినవే. మన ఊరి మాస్టారి పేరు ఒక ఫాంటుగా మన నెత్తి మీద వేలాడుతోంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(“మా అబ్బాయికి దీనివల్ల ఉద్యోగం వస్తుందా?” అని సభలో ఒకరు అడిగారు.)

రావచ్చండీ. వస్తుందని మాట ఇవ్వలేను. ఒకటి మాత్రం చెప్పగలను. మీ అబ్బాయి ఒక తప్పును సరిచేసి పంపితే, పెద్ద పెద్ద ఇంజనీర్లు అతని పని చూసి, ఇక్కడ ఇలా మార్చు, ఇది ఎందుకు రాశావు అని అడుగుతారు. డబ్బు కట్టకుండా దొరికే చదువు అది. చేసిన పని అతని పేరుతోనే, తేదీతో సహా, అందరికీ కనిపించేలా ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవాడు అది చూడవచ్చు. చూడకపోయినా ఆ చదువు ఎక్కడికీ పోదు.

(“మా సవర లిపి కంప్యూటర్లో వస్తుందా?” అని చాప మీద కూర్చున్న ఒక అమ్మాయి అడిగింది.)

వస్తుందమ్మా. సొరాంగ్ సొంపెంగ్ లిపిని మంగయి గొమాంగో గారు 1936లో తయారుచేశారు. ఒడిశా రాష్ట్రం ఏర్పడిన ఏడాదే అది. గిడుగు వారు ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయిన ఏడాది కూడా అదే. ఆయన సవరను తెలుగు లిపిలో రాసేవారు. మీకు మీ లిపి వచ్చింది. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంట్లలో దానికి స్వేచ్ఛగా వాడుకునే ఫాంటు ఉంది. గడులు ఉన్నాయి, ఫాంటు ఉంది. వాటిలో రాయడం, తప్పులు ఉంటే చెప్పడం మీరు చేయాలి, ఆ పని తెలుగువాడినైన నేను చేయలేను. పక్కన కూర్చుని చేతనైన సాయం చేస్తాను.

ఇప్పుడే ఒకటి మొదలుపెడదాం. ఈ తెరమీద ఉన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది, ఎవరైనా దిద్దగల పటం. ప్రతి ఊరికీ పేరు రాసే గడి ఒక్కటే ఉండదు. భాషకొక గడి పెట్టుకోవచ్చు. ఒడియాకు ఓ, ఆర్. తెలుగుకు టి, ఇ. సవరకు ఎస్, ఆర్, బి. మూడు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి రాస్తే ఇంకొకటి చెరిగిపోదు.

ముందు నీ ఊరు చూద్దాం, రా తల్లీ. కొండమీద ఇదేనా? దీని పేరు ఇంట్లో మీ అమ్మమ్మ ఎలా పలుకుతుందో అలాగే చెప్పు. నిదానంగా చెప్పు, నేను రాసుకుంటాను. తప్పు రాస్తే ఆపి మళ్ళీ చెప్పు.